కారు అద్దానికి ఆవిరి ఏ వైపు?

డిసెంబరు తెల్లవారుజామున అలియాబాద్ చౌరస్తాలో, రాజీవ్ రహదారి పక్కన కాసేపు నిలబడితే ఒక దృశ్యం పదే పదే కంటబడుతుంది. సిద్దిపేట వైపు నుంచి వచ్చే కారు వేగం తగ్గిస్తుంది. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో గుడ్డ తీసుకుని ముందద్దాన్ని లోపలి నుంచి తుడుస్తాడు. తుడిచిన మేరకు అరచేయంత జాగాలో రోడ్డు కనబడుతుంది. కారు శామీర్‌పేట చెరువు దాటకముందే ఆ కాస్తా మళ్లీ మసకేస్తుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 16 మీటర్లకు పైగా ముందుకెళ్తుంది. మూడు సెకన్లు అద్దం తుడిచాడంటే 50 మీటర్లు సరిగా చూడకుండా నడిపినట్టే. కరీంనగర్, రామగుండం నుంచి వచ్చే బరువు లారీలు, తుర్కపల్లి జీనోమ్ వ్యాలీకి షిఫ్టు మనుషుల్ని తీసుకెళ్లే బస్సులు, లాల్‌గడి మలక్‌పేట వైపు మలుపు తిరిగే ట్రాక్టర్లు, పాల క్యాన్లు కట్టుకున్న బండ్లు, ఔటర్ రింగు రోడ్డు ఎక్కాలని తొందరపడే కార్లు అన్నీ ఆ వేళకే ఈ రోడ్డు మీదుంటాయి. అందుకే అద్దం మీది ఆవిరిని చిన్న చికాకుగా కొట్టిపారేయడానికి లేదు.

ఇదే డ్రైవరు ఆగస్టులో ఇదే దారిన వస్తుంటే లెక్క తిరగబడుతుంది. బయట ముసురు. లోపల ఏసీ జోరుగా నడుస్తోంది. ముందద్దం కింది అంచు నుంచి తెల్లటి పొర మెల్లగా పైకి పాకుతుంది. అలవాటు కొద్దీ గుడ్డతో లోపల తుడిస్తే గుడ్డకు తడి అంటదు, పొర కదలదు. ఏసీ చాలడం లేదేమోనని ఇంకా పెంచుతాడు. పొర ఇంకా చిక్కబడుతుంది. ఆ ఆవిరి అద్దానికి బయట పట్టింది మరి. వైపర్ ఒక్కసారి తిప్పితే పోయేది.

కారులో చెమ్మ సంగతి ఎక్కడ మొదలుపెట్టాలంటే ఇక్కడే: ఆవిరి పట్టింది ఏ వైపు? లోపలి నుంచి వేలి కొసతో అద్దం మీద చిన్న గీత గీస్తే తెలిసిపోతుంది. గీత పడితే ఆవిరి లోపల ఉంది, పడకపోతే బయట ఉంది. రెండింటికీ మందు వేరు. ఒకదానికి పనిచేసేది రెండోదాన్ని ముదరబెడుతుంది.

గాలిలో నీటి ఆవిరి ఎప్పుడూ ఉంటుంది. ఎంత పడుతుందన్నది ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 30 గ్రాముల ఆవిరి పడుతుంది. 20 డిగ్రీలకు దిగితే 17 గ్రాములు, 10 డిగ్రీలకు దిగితే 9 గ్రాములే. అంతకు మించి ఉన్నదంతా నీరుగా మారాల్సిందే. అలా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతనే డ్యూ పాయింట్ అంటారు. ఐసు వేసిన నీళ్ల గ్లాసు బయట చెమర్చేది ఇందుకే. గ్లాసుకు తగిలిన గాలి ఆ ఉష్ణోగ్రత కంటే కిందికి చల్లబడుతుంది, మోయలేని ఆవిరిని గ్లాసు మీదే వదిలేస్తుంది.

ఇప్పుడు ఆగస్టు లెక్క వేద్దాం. శామీర్‌పేట పరిసరాల్లో ముసురు పట్టిన సాయంత్రం 26 డిగ్రీలు, తేమ 85 శాతం ఉందనుకుంటే, ఆ గాలి డ్యూ పాయింట్ దాదాపు 23 డిగ్రీలు. ఏసీ గాలిని అద్దం వైపు వదిలితే అద్దం 20 డిగ్రీలకు చేరడానికి ఎంతోసేపు పట్టదు. బయటి గాలి ఆ చల్లటి అద్దాన్ని తాకగానే చెమ్మ దింపుతుంది. ఇక డిసెంబరు. బయట 12 డిగ్రీలు, అద్దమూ దాదాపు అంతే. లోపల మనుషుల ఒంటి వేడి, ఊపిరి కలిసి గాలి 22 డిగ్రీలకు, తేమ 75 శాతానికి చేరితే డ్యూ పాయింట్ 17 దాటుతుంది. ఈసారి తడి లోపలివైపు పడుతుంది.

హైదరాబాదుకు చలి కొత్తేమీ కాదు. 1946 జనవరి 8న ఇక్కడ 6.1 డిగ్రీలు నమోదైంది. నగరం నడిబొడ్డున కాంక్రీటు, ట్రాఫిక్ వేడిని పట్టి ఉంచుతాయి. ఉత్తరాన తూంకుంట దాటి శామీర్‌పేట, అలియాబాద్ దాకా వచ్చేసరికి ఖాళీ నేల, చెట్లు, చెరువు నీళ్లు ఎదురవుతాయి. సికింద్రాబాదులో బయలుదేరినప్పుడు తేటగా ఉన్న అద్దం ఇక్కడికొచ్చాక మసకేయడం అందుకే మామూలు.

ఆరుబయట నిలిపిన కారు పొద్దున్నే నిలువెల్లా తడిసి ఉండడానికి ఇంకో కారణం కూడా ఉంది. లండన్‌లో వైద్యుడిగా పనిచేసిన విలియం చార్లెస్ వెల్స్ రాత్రిపూట తోటలో చిన్న చిన్న ఉన్ని పోగులు పరిచి, తెల్లారాక వాటిని తూచి, ఎక్కడ ఎంత మంచు పట్టిందో లెక్కగట్టి, 1814లో దాని మీద పుస్తకం వేశాడు. మబ్బులేని రాత్రి ఆకాశం కింద ఉన్న వస్తువు తన వేడిని పైకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుందని, మంచు పట్టేది అందుకేనని ఆయన తేల్చాడు. ఇంటి ముందు ఆరుబయట నిలిపిన కారు కప్పు, అద్దాలూ అదే పని చేస్తాయి. రేకుల షెడ్డు కిందో, చెట్టు కిందో పెడితే మంచు బాగా తగ్గుతుంది. చెట్టు కింద పెడితే మాత్రం రాలిన ఆకుల బెడద ఇంకొకటి వస్తుంది. ఆ సంగతి ముందుంది.

ఇంతకీ కారులోకి ఆ నీళ్లు ఎక్కడివి? మామూలు కారు లోపల పట్టే గాలి దాదాపు మూడు ఘనపు మీటర్లు. 25 డిగ్రీల దగ్గర అంత గాలిలో మహా అయితే 70 గ్రాముల ఆవిరి పడుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఊపిరి, ఒంటి చర్మం నుంచి గంటకు సుమారు 30 నుంచి 50 గ్రాముల నీరు గాలిలో కలుస్తుంది. నలుగురు ఎక్కి కిటికీలు బిగించుకుంటే ఆ గాలి అరగంట తిరిగేసరికి నిండిపోతుంది. వానలో తడిసి ఎక్కిన పిల్లలు, సీటు కింద తోసేసిన తడి గొడుగు, బురద చెప్పులు, డిక్కీలో పెట్టిన పూల బుట్టలు, ఆకుకూరల కట్టలు, మూత సరిగా పడని నీళ్ల సీసా కూడా తమ వంతు కలుపుతాయి. ఒక్క తడి మ్యాటు అర లీటరు నీళ్లు పట్టి ఉంచినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇవన్నీ కంటికి కనబడేవి. ఇబ్బంది పెట్టేది కనబడని నీళ్లు.

డ్రైవరు పక్క సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్‌ను ఒకసారి అరచేత్తో గట్టిగా నొక్కి చూడాలి. పైన పొడిగా కనబడినా నొక్కినప్పుడు చల్లగా తగిలి, వేళ్ల సందుల్లోకి తడి ఊరిందంటే కింద చెరువు ఉన్నట్టే లెక్క. కార్పెట్ కింద దళసరి మెత్త ఉంటుంది. ఇంజను మోత, రోడ్డు మోత లోపలికి రాకుండా వేసే ఆ మెత్త నీటిని లీటర్ల కొద్దీ పీల్చి దాచుకుంటుంది. పైన ప్లాస్టిక్ మ్యాటు, కింద ఇనుప నేల. ఆరడానికి దానికి దారే లేదు. మెకానిక్ షెడ్డులో సీటు విప్పి కార్పెట్ ఎత్తితే అడుగున ఆ మెత్త నల్లబడి, పిండితే టీ రంగు నీళ్లు కారుతూ ఉంటుంది. సీటు బిగించే బోల్టుల చుట్టూ తుప్పు ఎర్రగా కనబడుతుంది.

ఆ నీళ్లు చాలాసార్లు ఏసీవే. మన దేశంలో చాలా కార్లకు ఏసీ కూలింగ్ కాయిల్ గ్లోవ్ బాక్సు వెనకాల, ఎడమవైపు ఉంటుంది. వేడి గాలి ఆ కాయిల్ మీదుగా పోతూ చల్లబడి, తేమను అక్కడే వదిలేస్తుంది. ఉక్కపోత రోజున అలా దిగే నీళ్లు గంటకు లీటరు దాకా ఉండొచ్చు. సన్నటి రబ్బరు గొట్టం గుండా అవి కారు కిందికి కారిపోవాలి. ఏసీ వేసి ఆపిన కారు కింద నీటి చుక్కలు కనబడితే చాలామంది ఏదో కారుతోందని కంగారు పడతారు. ఆ చుక్కలు పడడమే మంచిది. పడకపోతేనే కంగారు పడాలి. దుమ్ము, నాచు చేరి ఆ గొట్టం మూసుకుపోతే నీళ్లు వెనక్కి తన్ని కార్పెట్ మీదికి వస్తాయి. పావుగంట ఏసీ నడిపాక కారు కింద పొడిగా ఉండి, ఎడమవైపు కార్పెట్ తడిగా ఉంటే జబ్బు దొరికినట్టే. మెకానిక్ గొట్టంలోకి గాలి కొట్టి శుభ్రం చేస్తే పని అయిపోతుంది.

అదే చోట తడి జిగటగా తగిలి, కాస్త తియ్యటి వాసన వేస్తూ, అద్దం లోపల ఎంత తుడిచినా నూనె పూసినట్టు పొర ఏర్పడుతుంటే మాత్రం అది ఏసీ నీరు కాదు. హీటరు కాయిల్ నుంచి ఇంజను కూలెంట్ కారుతోంది. దాన్ని వాయిదా వేయకూడదు. అద్దం మసకేయడం ఒక్కటే కాదు, కూలెంట్ తగ్గిపోయి ఇంజను వేడెక్కిపోతుంది. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం కూడా.

వాన నీళ్లు దూరే దారులు ఇంకొన్ని ఉన్నాయి. బానెట్ వెనక, వైపర్ల కింద ఉండే జాలీలోకి వేప ఆకులు, తురాయి పూరేకులు రాలి పేరుకుపోతాయి. ఇందాక చెట్టు కింద నిలిపిన కారు గురించి అన్నది దీని సంగతే. అక్కడి నీళ్లు పక్క కాలువల గుండా కిందికి పోవాలి. అవి మూసుకుంటే నీళ్లు నిలిచి, బయటి గాలి లోపలికొచ్చే దారిలోకి పొంగుతాయి. సన్‌రూఫ్ ఉన్న కార్లకు దాని మూలల నుంచి సన్నటి పైపులు స్తంభాల లోపలి నుంచి కిందికి దిగుతాయి. సన్‌రూఫ్ చుట్టూ నీరు చేరడం మామూలే, ఆ పైపులు దాన్ని బయటికి పంపాలి. పైపు పూడుకుపోతే కప్పు లోపలి గుడ్డ మీద గోధుమరంగు మరక పడుతుంది. తలుపుల కింది అంచున చిన్న రంధ్రాలుంటాయి. కిటికీ అద్దం సందు నుంచి తలుపు లోపలికి దిగిన వాన నీళ్లు వాటి గుండా పోవాలి. ఊరి మట్టి రోడ్ల బురద ఎండి వాటిని పూడ్చేస్తుంది. తలుపు తెరిచి మూసేటప్పుడు లోపల నీళ్లు గలగలమన్నాయంటే ఇదే. అగ్గిపుల్లతో పొడిచినా తెరుచుకుంటాయి.

బీడింగ్ రబ్బరు పగలడం, అద్దం మార్పించినప్పుడు గమ్ము సరిగా పట్టకపోవడం, వెనక లైటు దగ్గర సీలు పోవడం కూడా ఉన్నాయి. స్టెప్నీ పెట్టే గుంటలో నీళ్లు నిలిచాయో లేదో వానాకాలంలో ఒకసారి చూసుకోవాలి. చాలామంది టైరు పంక్చరైన రోజు దాకా ఆ మూత ఎత్తరు.

ఎక్కడి నుంచి కారుతోందో తెలియకపోతే ఇద్దరు మనుషులు, ఒక నీళ్ల పైపు చాలు. ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చుంటే ఇంకొకరు బయట కింది నుంచి పైకి, ఒక్కో చోట రెండు మూడు నిమిషాలు నీళ్లు పోయాలి. ఒకేసారి కారంతా తడిపితే జాడ దొరకదు.

లోపల చేరిన ఈ నీళ్లు ఎండకు ఆరిపోతాయని అనుకుంటారు. తలుపులు బిగించి ఎండలో పెట్టిన కారులో జరిగేది వేరు. పగటి వేడికి కార్పెట్ కింది నీరు ఆవిరై లోపలి గాలిని నింపుతుంది. బయటికి పోయే దారి లేదు. రాత్రి అద్దాలు చల్లబడగానే అదే ఆవిరి అద్దాల మీద, కప్పు మీద నీరుగా దిగి, జారి, మళ్లీ కార్పెట్‌లోకి చేరుతుంది. వారాల తరబడి ఇదే తిరుగుడు. రాత్రంతా ఎవరూ ఎక్కని కారు కూడా పొద్దున లోపలివైపు ఆవిరి పట్టి ఉందంటే, ఊపిరి మీద నెపం వేసి లాభం లేదు. ఎక్కడో తడి దాగి ఉంది. ఆ నీటి జాడ తీయకుండా అద్దం ఎన్నిసార్లు తుడిచినా వృథా.

ఇక దారిలో ఉండగా ఏం చేయాలన్నది. చాలామంది చేసే పొరపాటు డ్యాష్‌బోర్డు మీద ఒక బటన్‌తో ముడిపడి ఉంది. కారు బొమ్మ లోపల గుండ్రంగా తిరిగే బాణం గుర్తు ఉంటుంది. అది నొక్కితే లోపలి గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. దుమ్ము, లారీ పొగ లోపలికి రాకూడదని దాన్ని ఎప్పటికీ వేసే ఉంచుతారు. ఎండాకాలం ఏసీ త్వరగా చల్లబరచడానికి అది మంచిదే. చలికాలంలో ఏసీ లేకుండా అది వేసుకుంటే నలుగురి ఊపిరీ లోపలే పోగవుతుంది, అద్దం నిమిషాల్లో మసకేస్తుంది. దాంతోపాటు కార్బన్ డయాక్సైడు కూడా పెరుగుతుంది. బయటి గాలిలో 420 పీపీఎం చుట్టుపక్కల ఉండేది మూసిన కారులో వేలల్లోకి చేరుతుంది. తల బరువెక్కి, కునుకు వస్తుంది. రాత్రి ప్రయాణాల్లో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

చలికాలపు మందు ఇది. బయటి గాలి లోపలికొచ్చేలా ఆ బటన్ తీసేయాలి. గాలిని ముందద్దం వైపు తిప్పాలి. వేడి పెంచాలి. ఏసీ బటన్ కూడా నొక్కాలి. చలిలో ఏసీ ఏమిటని చాలామంది వెనకాడతారు. ఏసీ, హీటరు రెండూ ఒకేసారి పనిచేస్తాయి. కూలింగ్ కాయిల్ గాలిలోని తేమ లాగేస్తుంది, ఆ తర్వాత హీటరు దాన్ని వేడి చేస్తుంది. అద్దానికి తగిలేది వెచ్చటి, పొడి గాలి. ఏసీ లేని పాత కారైనా బయటి గాలి మేలే చేస్తుంది. 12 డిగ్రీల చలిగాలిలో తేమ 90 శాతం ఉందన్నా, ఘనపు మీటరుకు నిజానికి ఉండేది 10 గ్రాముల లోపే. దాన్ని 24 డిగ్రీలకు వేడి చేస్తే తేమ 45 శాతం కూడా ఉండదు. మంచులో తడిసినట్టు కనబడే గాలే లోపలికొచ్చి అద్దాన్ని ఆరబెడుతుంది. హీటరుకు ఇంజను వేడే ఆధారం కాబట్టి మొదటి అయిదు నిమిషాలు అది ఒట్టి చల్లగాలే కొడుతుంది. అంతవరకు కిటికీలు రెండు వేళ్ల సందు దించుకోవాలి. ఎలక్ట్రిక్ కార్లలో ఇంజను వేడి ఉండదు, బ్యాటరీతోనే గాలి వేడెక్కుతుంది. అందుకే చలి రోజుల్లో మైలేజీ కొంత తగ్గుతుంది.

వానాకాలం బయటివైపు ఆవిరి పడితే దీనికి తిరగేసి చేయాలి. వైపర్ తిప్పాలి. ఏసీ గాలిని అద్దం మీది నుంచి ముఖం వైపు, కాళ్ల వైపు మళ్లించాలి. ఉష్ణోగ్రత 24, 25 డిగ్రీలకు పెంచాలి. అద్దం మరీ చల్లబడకపోతే బయట చెమ్మ దిగదు. 18 డిగ్రీల మీద పెట్టి అద్దానికే గాలి కొడుతూ, మసకేస్తోందని విసుక్కోవడం వానాకాలపు హైదరాబాదులో ప్రతి సాయంత్రం జరిగేదే.

వెనక అద్దం మీద అడ్డంగా సన్నటి ఎర్రగీతలు ఉంటే అవి కరెంటుతో వేడెక్కే తీగలు. పలక ఆకారంలో మూడు వంకర గీతలున్న బటన్ దానిది. విసనకర్ర ఆకారంలో ఉన్నది ముందద్దానిది. వెనక అద్దాన్ని ఆ గీతల వెంబడే అడ్డంగా తుడవాలి. స్టిక్కరు అంటించి పీకితే తీగ తెగుతుంది, తెగిన గీత మేర ఆవిరి అలాగే మిగిలిపోతుంది. మన దగ్గర చాలా కార్ల చవక మోడళ్లలో ఈ తీగలు ఇవ్వరు. భద్రతకు సంబంధించిన ఈ ఏర్పాటును ఖరీదైన మోడళ్లకే పరిమితం చేయడం న్యాయం కాదు.

అంబాసిడర్, పద్మిని కార్ల కాలంలో ముందు తలుపులకు తిప్పితే తెరుచుకునే త్రికోణపు చిన్న అద్దం ఉండేది. వాన లోపల పడకుండానే గాలి ఆడేది. ఏసీలు వచ్చాక అది పోయింది. కార్లు గాలి చొరకుండా బిగుతయ్యాయి. చెమ్మకు కూడా బయటికి దారి మూసుకుపోయింది. బయటి గాలిని వడగట్టి, వేడి చేసి లోపలికి పంపే ఏర్పాటును అమెరికాలో నాష్ కార్ల కంపెనీ 1938లోనే తెచ్చింది, తర్వాత అది వెదర్ ఐ అనే పేరుతో పేరుపొందింది. ఇప్పుడు మన చేతి కింద ఉన్న మీటలు దాని వారసులే. డెట్రాయిట్, షికాగో లాంటి చోట్ల స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ మీటలు మొదటి చలికాలంలోనే వంటబడతాయి. బూట్లకు అంటిన మంచు లోపల కరిగి కార్పెట్ తడవకుండా, అంచులు పైకి లేచిన రబ్బరు ట్రేలు వాడతారు. మన వానాకాలానికీ అవి బాగా పనికొస్తాయి. నిండిన నీళ్లు బయట పారబోసుకోవచ్చు. బ్రిటన్‌లోనైతే అద్దాల మీది ఆవిరి పూర్తిగా పోయాకే బండి కదిలించాలని అక్కడి హైవే కోడ్ 229వ నియమం చెబుతుంది.

చిట్కాల విషయానికొస్తే, పాత లారీ డ్రైవర్లు అద్దం మీద బంగాళదుంప ముక్కో, పొగాకో రుద్దేవారు. ఇప్పుడు కొందరు షేవింగ్ ఫోమ్ పూసి తుడుస్తారు. ఫోమ్‌లోని సబ్బు లాంటి పదార్థం వల్ల నీరు చుక్కలుగా కట్టకుండా పల్చటి పొరగా పరుచుకుంటుంది, చూపు అడ్డుపడదు. కొన్ని రోజులు పనిచేసే మాట నిజం. ఎక్కువ పూస్తే రాత్రి ఎదుటి హెడ్‌లైట్ల వెలుగు అద్దమంతా చెదిరి కళ్లు చెదురుతాయి. వీటన్నిటికంటే శుభ్రమైన అద్దం మేలు. కొత్త కారులో ప్లాస్టిక్, రెగ్జిన్ వేడెక్కి వదిలే ఆవిర్లు అద్దం లోపల కంటికి ఆనని జిడ్డు పొర వేస్తాయి. చెమ్మ దాన్ని పట్టుకునే బిందువులు కడుతుంది. అరచేత్తో తుడిస్తే ఆ జిడ్డు ఇంకా పెరుగుతుంది. మైక్రోఫైబర్ గుడ్డ ఒకటి తలుపు అరలో పెట్టుకోవడం, పదిహేను రోజులకోసారి అద్దం లోపలివైపు తుడుచుకోవడం పెద్ద పనేమీ కాదు.

సిలికా జెల్ సంచులు కూడా అమ్ముతారు. తేమ బాగా ఉన్న గాలిలో సిలికా జెల్ తన బరువులో మూడో వంతు దాకా నీటిని పట్టగలదు. అంటే అర కిలో సంచి మహా అయితే ఓ నూట యాభై గ్రాముల చిల్లర పట్టుకుంటుంది. వాడకుండా నెల రోజులు మూసి ఉంచే పొడి కారుకు అది సరిపోతుంది. కార్పెట్ కింద రెండు లీటర్లు నిలిచి ఉంటే దానివల్ల ఏమీ కాదు. కాల్షియం క్లోరైడు డబ్బాలు ఎక్కువే పీలుస్తాయి, కానీ అవి ఉప్పునీరుగా మారతాయి. గతుకుల రోడ్డు మీద ఒలికితే ఇనుము తుప్పు పడుతుంది. గిన్నెలో బియ్యం పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

కార్పెట్ తడిసిపోతే త్వరపడాలి. తడి 24 నుంచి 48 గంటలకు మించి ఉంటే బూజు మొదలవుతుంది. ముక్కిన వాసన వచ్చేది దానివల్లే. తేమ, బూజు ఉబ్బసానికి, శ్వాస ఇబ్బందులకు ముడిపడి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్ల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకంటే ఎంతో ఇరుకైన కారులో పిల్లల్ని కూర్చోబెట్టేవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మ్యాట్లు తీసేయాలి. కార్పెట్ అంచు పైకెత్తి, కింద ఇటుక ముక్కో, చెక్కో పెట్టి గాలి ఆడనివ్వాలి. మొదట పాత తువ్వాళ్లతో అదిమి నీళ్లు లాగాలి, తడి లాగే వ్యాక్యూమ్ దొరికితే మరీ మంచిది. ఎండ ఉన్న రోజున నాలుగు తలుపులూ, డిక్కీ బార్లా తెరిచి పెట్టాలి. టేబుల్ ఫ్యాను ఒకటి పెడితే ఎండకంటే బాగా పనిచేస్తుంది, ఆవిరిని బయటికి తోసేది గాలే కదా. అగరుబత్తులు, పెర్‌ఫ్యూమ్ డబ్బాలు వాసనను కప్పుతాయి తప్ప బూజును ఆపలేవు.

ఏసీ వేయగానే వచ్చే పుల్లటి వాసన ఇంకొకటి. అది తడి కాయిల్ మీద పెరిగిన బూజు, బాక్టీరియాలది. గమ్యం రెండు మూడు నిమిషాల్లో ఉందనగా ఏసీ ఆపి, ఫ్యాను మాత్రం నడిపితే కాయిల్ కొంత ఆరుతుంది. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. కాయిల్ మీది తడి ఆవిరై మళ్లీ లోపలికే వస్తుంది కాబట్టి వాన వేళ ఏసీ ఆపగానే అద్దం ఒక్కసారిగా మసకేయొచ్చు. అందుకే ఆ పని హైవే మీద కాకుండా కాలనీలోకి మళ్లాక చేయాలి. క్యాబిన్ ఫిల్టరు ఏడాదికోసారైనా మార్చాలి. మట్టి రోడ్ల పక్క తిరిగే కార్లకు ఇంకా ముందే. దుమ్ము పట్టిన ఫిల్టరుతో ఫ్యాను ఎంత తిరిగినా అద్దానికి గాలి చేరదు.

వరద నీళ్లలో మునిగిన కారు వేరే కథ. 2020 అక్టోబరు 13న కురిసిన వానకు శామీర్‌పేట ఉన్న మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోనే ఘట్‌కేసర్ సింగపూర్ టౌన్‌షిప్ దగ్గర 32 సెంటీమీటర్లు నమోదైంది. పాతబస్తీ వీధుల్లో కార్లు కొట్టుకుపోవడం అందరూ చూశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఎన్నో బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలా మునిగిన కారును స్టార్టు చేయనే కూడదు. సిలిండర్లలోకి చేరిన నీళ్లు పిస్టన్ ఒత్తిడికి అణగవు, లోపలి రాడ్లు వంగిపోతాయి. మామూలు సమగ్ర బీమా వరద నష్టాన్ని భరిస్తుంది కానీ, నీళ్లలో స్టార్టు చేయడం వల్ల ఇంజనుకు కలిగిన నష్టానికి ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు ఉంటే తప్ప చాలా కంపెనీలు డబ్బు ఇవ్వవు. ముందు బ్యాటరీ తీగ విప్పి, ఫొటోలు తీసి, బీమా కంపెనీకి చెప్పి, క్రేను మీదే తీసుకెళ్లాలి.

ఇలాంటి కార్లు కొన్ని కడిగి, తుడిచి సెకండ్ హ్యాండ్ బజారుకు వస్తాయి. శామీర్‌పేట చుట్టూ కొత్తగా ఇళ్లు కట్టుకుని, బస్సు దొరకని చోట నుంచి ఉద్యోగాలకు పోవడానికి మొదటి కారు పాతది కొనుక్కునేవాళ్లు చాలామంది. వాళ్లు కారు చూడడానికి వెళ్లినప్పుడు సీటు బెల్టును చివరంటా బయటికి లాగి చూడాలి. చుట్ట లోపల ఎప్పుడూ వెలుగు చూడని ఆ ఆఖరి జానెడు మీద ఎండిన బురద గీత కనబడితే కారు మునిగిందనే అర్థం. సీటు కింద బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, హెడ్‌లైటు లోపల నీటి చారలు, కొత్తగా మార్చిన కార్పెట్ కూడా అదే చెబుతాయి. కిటికీలు మూసి పావుగంట ఏసీ లేకుండా కూర్చుని, ముక్కిన వాసన వస్తోందేమో, అద్దాలకు లోపల ఆవిరి పడుతోందేమో చూశాకే బేరం మొదలుపెట్టాలి.